జాకరపుట్టు సుక్రిలు

చింతపల్లిలో జీపులు ఆగే చోటునుంచి నాలుగడుగులు వేస్తే, మిరియాలు ఆరబోసే కళ్లం పక్కన, రేకుల కప్పు కింద రెండు గదుల ఆఫీసొకటి ఉంది. బోర్డు మీద బారెడు పేరు రాసుంటుంది గాని జనం దాన్ని రగతం ఆఫీసనే అంటారు. కొండల్లో సికిల్ సెల్ జబ్బు ఎవరికుందో చూడడానికి ఊరూరా తిరిగి రక్తం తీసేది ఆ ఆఫీసువాళ్లే.

ఆ జబ్బున్నవాళ్ల రక్తంలో కణాలు కొడవళ్లలా వంకర తిరుగుతాయట. చలికాలం వచ్చిందంటే కీళ్లలో సూదులు దింపినట్టు నొప్పి. పసిపిల్లలైతే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతారు. అసలు చిక్కేమిటంటే, జబ్బు సగమే ఉన్నవాళ్లు పైకి దుక్కల్లా ఉంటారు, బస్తా ఎత్తి భుజాన వేసుకుంటారు. అలాంటి ఇద్దరు పెళ్లాడితే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు గండమే. అందుకని ఏ లోపమూ లేనివాళ్లకి తెల్ల కార్డు, సగం ఉన్నవాళ్లకి పసుపు కార్డు ఇస్తారు. పసుపూ పసుపూ కలిసేముందు ఆలోచించుకోండని చెబుతారు. మొదట్లో ఈ మాటకి నవ్విన జనమే ఇప్పుడు మనువు ఊసెత్తగానే కార్డు చూపించమంటున్నారు.

ఆ కార్డుల జాబితా అంతా ఒక కంప్యూటర్లో ఉంటుంది. దాని ముందు కూర్చునే మనిషి పాంగి స్వర్ణ.

స్వర్ణకి ముప్పై ఏళ్లు. కాఫీ పళ్లు కోస్తూ పెరిగిన పిల్ల గనక వేళ్లు చురుకు. ఆశ్రమ పాఠశాలలో పది, పాడేరులో ఇంటరు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "సేసుకోలేదంతే" అని ఊరుకుంటుంది. అడిగినవాళ్లకి నిద్ర పట్టదు గాని ఆమెకి హాయిగా పడుతుంది.

ఆమె కంప్యూటర్లో మనకి తెలిసిన బొమ్మలేవీ ఉండవు. ఉత్త నల్ల తెర, దాని మీద తెల్లక్షరాలు. కొట్లోకి వెళ్లి కావలసిన డబ్బాని వేలుపెట్టి చూపించడం ఒక పద్ధతి. గుమ్మం బయటే నిలబడి, "రెండో అరలో ఎడమనుంచి మూడో డబ్బా, పావు కిలో" అని కేకేయడం ఇంకో పద్ధతి. నల్ల తెరది ఈ రెండోది. ఒక్క అక్షరం తప్పినా సరుకు రాదు. విశాఖపట్నంనుంచి నెలకోసారి వచ్చే సాయినాథ్ అనే ఇంజనీరు కుర్రాడు, పాత కంప్యూటరుకి ఇదే తేలికని అలా ఏర్పాటు చేశాడు. వెతకడానికి ఒక ఆజ్ఞ, వరసపెట్టడానికి ఒకటి, నకలు తీయడానికి ఒకటి. అలాంటివి నలభై ఆజ్ఞలు స్వర్ణ ఒక పొడుగు నోట్సులో రాసుకుని, ఎక్కాల్లాగా బట్టీ పట్టింది.

ఆఫీసు ఊడ్చి టీ కాచే రత్నాలుది నర్సీపట్నం వైపు. చీపురు ఆనించుకుని తెరలోకి తొంగి చూడకుండా ఆమెకి పూట గడవదు.

"ఏటే గుంటా అది, సీమల బారులాగ ఎల్లిపోతన్నాయి? బొమ్మలేవీ లేవేటి?"

"బొమ్మలుంటే ఈ ముసలిది మొరాయించేత్తాదప్పా. దీనికి మాటే సెప్పాల."

"మాట సెప్తే ఇంటాదా? అయితే మా ఇంటాయన కంటే నయమే!"

పోయిన ఏడు వానలు వెనకబట్టాక సాయినాథ్ ఆ నల్ల తెరలోకే ఒక ఏఐ సహాయకుణ్ణి తెచ్చిపెట్టాడు. "స్వర్ణగారూ, ఇకమీదట మీకేం కావాలో తెలుగులోనే రాయండి. ఏ ఆజ్ఞ ఇవ్వాలో అదే చూసుకుంటుంది. చేసేముందు మిమ్మల్ని అడుగుతుంది. ఒక్కటే మాట. అది అడిగినప్పుడల్లా పూర్తిగా చదివి జవాబు చెప్పండి. అవునని కొట్టేసి వెళ్లిపోకండి."

"అంటే నా నలభై ఆజ్ఞలూ గెడ్డ నీళ్లలో కొట్టుకుపోయినట్టేనా సార్?" అంది స్వర్ణ. నవ్వుతూనే అంది గాని, ఆ రోజు నోట్సుని సొరుగులో పెడుతుంటే ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

నెల తిరిగేసరికి అది లేకపోతే పని తోచని స్థితికొచ్చింది. జాకరపుట్టులో పసుపు కార్డులెన్ని అని రాస్తే చిటికెలో చెప్పేది. ఫలానా ఊరి జాబితా వేరు చెయ్యమంటే, "ఇలా చేయబోతున్నాను, చేయమంటారా?" అని అడిగేది. కొత్త కోడలు వచ్చిన పదిరోజులూ ఉప్పెంత వెయ్యాలి, కారమెంత వెయ్యాలి అని అడుగుతుంటే అత్తగారికి ముచ్చటగానే ఉంటుంది. పదకొండో రోజున విసుగొచ్చి, "నీకు తోచినంత వెయ్యవే" అంటుంది. స్వర్ణకీ అదే అయింది. మొదట్లో ప్రతి అక్షరం చదివేది. తర్వాత్తర్వాత మొదటి వరస చదివి అవుననేది. ఆపైన చదవకుండానే అవుననేది. ఎన్నడూ తప్పు జరగలేదు గనక అలవాటు ముదిరిపోయింది.

అయితే అసలు తప్పు ఆ అలవాటువల్ల జరగలేదు. ఆ రోజు ఆమె ప్రశ్నని పూర్తిగానే చదివింది. అదే ఆమెని ఇప్పటికీ కాలుస్తోంది.

కొండల్లో చాలా ఇళ్లలో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే పేరు. సోమవారం పుడితే సోమ్రా, బుధవారమైతే బుద్రు. శుక్రవారం మగపిల్లాడైతే సుక్రు, ఆడపిల్లయితే సుక్రి. ఊరు ఊరంతా ఒకే వంశమైతే ఇంటిపేరూ ఒకటే. తండ్రుల పేర్లూ ఆ ఏడు వారాల్లోవే. ఇక ఆధార్ రాసుకోడానికి వచ్చినవాళ్లు, పుట్టినతేదీ తెలియదన్న ప్రతివాళ్లకీ జనవరి ఒకటి వేసి చేతులు దులుపుకున్నారు. ఊళ్లో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా కాగితానికే.

స్వర్ణకి కూడా తల్లి పెట్టిన పేరు సుక్రే. ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతిలో నలుగురు సుక్రిలుంటే, వరహాలరావు మాస్టారు హాజరు పిలవలేక ఈమెకి స్వర్ణ అనీ, మిగతా ముగ్గురికి తలో పేరూ తగిలించారు. ఇంటికెళ్లినప్పుడు తల్లి సుక్రీ అని పిలిస్తే, పక్కన చింతపల్లివాళ్లెవరైనా ఉన్నారేమోనని చూసుకునేది స్వర్ణ.

కార్తీకంలో పాడేరులో సమీక్ష జరిగింది. పెద్ద గది, నలభైమంది జనం. స్వర్ణ చేసిన జాబితాని గోడ మీద వేశారు. కిందనుంచి, అంటే మైదానంనుంచి వచ్చిన అధికారి ఒకాయన దాన్ని చూసి పకపకా నవ్వాడు. "పాంగి సుక్రి, పాంగి సుక్రి, పాంగి సుక్రి! ఏమ్మా, ఆ ఊళ్లో పేర్లకి కరువొచ్చిందా? అందరూ జనవరి ఒకటినే పుట్టేశారు. కొత్త సంవత్సరం పార్టీయా?"

గదంతా నవ్వింది. స్వర్ణ కూడా నవ్వింది. జీపులో తిరిగొస్తున్నప్పుడు ఆ నవ్వే ఆమెకి మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. ఆయన నవ్వాడు సరే, తను ఎందుకు నవ్వింది?

మర్నాడు పొద్దున్నే, కిటికీ బయట పొగమంచు ఇంకా విడకుండానే, నల్ల తెర ముందు కూర్చుని రాసింది: "ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిన చోట్లు వెతికి, ఒకటిగా చెయ్యి."

సహాయకుడు వెతికి జవాబిచ్చాడు. "పద్నాలుగు చోట్ల పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ ఒకటే ఉన్నాయి. నమూనా నంబర్లు మాత్రం వేరు. కొన్నిచోట్ల ఫలితాలూ వేరు. రెండు ఊళ్లలో మూడేసి వరసలున్నాయి. వీళ్లు ఒకే మనిషో, ఒకే పేరున్న వేర్వేరు మనుషులో ఈ జాబితానుబట్టి తేల్చలేను. మీకు తెలుసా?"

ఆమె రెండుసార్లు చదివింది. ఒకే మనిషికి రెండు ఫలితాలుండడం వింతేమీ కాదు. ముందు ఊళ్లోనే చుక్కవేసి చూస్తారు, అనుమానమైతే మళ్లీ తీసి విశాఖలో ఉన్న పెద్ద యంత్రానికి పంపుతారు. రెండోదే నిజం. అందుకని ఇవీ అలాంటివే అయ్యుంటాయని తనకి తాను చెప్పుకుంది. కాని లోపల ఇంకో గొంతు, ఆమె తల్లి గొంతులాంటిది, ఆ ఊళ్లో ఎంతమంది సుక్రిలుంటారో నీకు తెలీదా అని అంటూనే ఉంది. తెలుసు. ఆ ఊళ్లలో తిరిగి రక్తం తీసే నిర్మల నర్సుని ఒక్క మాటడిగితే చాలు. అడిగితే మాత్రం వేరువేరు మనుషులని తేలుతుంది. అప్పుడు వచ్చే సమీక్షలో గోడ మీద మళ్లీ సుక్రిలంతా వరసగా నిలబడతారు. మళ్లీ గదంతా నవ్వుతుంది.

"ఒకే మనిషి. తర్వాత వచ్చిన ఫలితం ఉంచు," అని రాసింది.

"మూడు వరసలున్న చోట కూడానా?"

"అన్నిచోట్లా."

"పాత జాబితా నకలు దాచమంటారా?"

"దాచు."

జాబితా తులసికోట కడిగినట్టు శుభ్రపడింది. తర్వాతి సమీక్షలో ఆ అధికారి, "ఇప్పుడు చూడముచ్చటగా ఉంది" అన్నాడు. ఆ జాబితాతోనే కొత్త కార్డులు అచ్చువేశారు. నిర్మల వాటిని సంచిలో వేసుకుని ఊళ్లమీద పడింది.

పుష్యం చివర్లో ఒక సాయంత్రం నిర్మల ఆఫీసుకొచ్చి, చెప్పులకంటిన ఎర్రమట్టి గుమ్మానికి గీస్తూ అంది:

"స్వర్ణా, జాకరపుట్టుకి సుక్రి కార్డు ఒకటే వొచ్చిందేటి? ఆ వూళ్లో ముగ్గురు గుంటలకి నానే రగతం తీసినాను. ఒకర్తికి బళ్లో, ఒకర్తికి కాఫీ తోటలో, ఒకర్తికి అంగన్‌వాడీ కాడ."

స్వర్ణ తెరమీంచి తలెత్తింది. "ఉన్న ఒక్కటీ ఎవరికిచ్చావక్కా?"

"కనక కూతురికి. ఎదురుగా అదే కనపడింది. తెల్ల కార్డు. అది సూడగానే కనకకి పేణం లేసొచ్చినాదనుకో. పిల్లకి మనువు ఖాయం సేసీసుకున్నారు."

"ఎవరితోని?"

"కిల్లో కామేష్‌తోని. పెదబయలు దారిలో ఆలది."

కామేష్ పేరు వెతకడానికి కంప్యూటరు అక్కర్లేదు. అతనిది పసుపు కార్డు. అతని చెల్లెలు చిట్టికి పూర్తి జబ్బే. చలి ముదిరితే ఆ పిల్లని దుప్పటిలో చుట్టి జీపెక్కించి ఆసుపత్రికి తీసుకుపోవడం చింతపల్లిలో అందరూ చూసిందే. అందుకే కామేష్ తల్లి, వచ్చే కోడలికి తెల్ల కార్డుంటేగాని గుమ్మం తొక్కనివ్వనని ఊరంతా చాటింది. తెల్ల కార్డు చూశాకే వాళ్లు మొదటి జీలుగు కల్లు కుండ కనక ఇంటికి మోసుకెళ్లారు. ఆ కుండ కనక ఇంటివాళ్లు తాగారు. రెండో కుండ కూడా తాగితే ఇక మనువే.

స్వర్ణ దాచిన పాత జాబితా తెరిచింది. పాంగి సుక్రి, తండ్రి సోమ్రా, జాకరపుట్టు. మూడు వరసలు. మొదటిది పసుపు, మిగతా రెండూ తెలుపు. మూడూ పెద్ద యంత్రం చెప్పిన ఫలితాలే. ఈ సంగతి జాబితాలో పక్క గడిలోనే ఉంది. ఆనాడు ఆ గడి తెరిచి చూడాలని కూడా ఆమెకి తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా?

"ఈ మూడింటిలో కనక కూతురు ఏది?" అని రాసింది.

"జాబితాలో తల్లి పేరు లేదు. తేల్చలేను. రక్తం తీసినప్పుడు ఇచ్చిన నంబరు చీటీ ఆమె దగ్గరుంటే చెప్పగలను. అది లేకపోతే మళ్లీ పరీక్ష చేయడమే మార్గం. ఈలోపు ఆ కార్డుని నమ్మవద్దని ఆమెకి చెప్పడం మంచిది."

తెరని పైకి జరుపుకుంటూ పోయింది. కార్తీకంలో జరిగిన సంభాషణ అలాగే ఉంది. అది అడిగిన ప్రశ్న, కింద తన జవాబు. ఒకే మనిషి. అన్నిచోట్లా.

విషయం విన్న రత్నాలు చీపురు పక్కన పడేసి గొంతు తగ్గించింది. "దానికింత ఇదైపోతావేటే? ఆ ఏఐ గాడి మీదకి తోసీ. ఆడికేటి ఇల్లా, పెళ్లామా, పిల్లలా? తిట్టినా పడుంటాడు."

"ఆడు అడిగాడప్పా. నానే అబద్ధమాడినాను."

నిర్మల ఇంకో దారి చెప్పింది. "కొత్తరకం పరీచ్చ వొచ్చిందని సెప్పి ఊరందరికీ మళ్లీ తీసేద్దాం. నీ పేరు రాదు, నా పేరు రాదు."

ఆ మాట స్వర్ణకి చెవిలో తేనె పోసినట్టే ఉంది. కాని విశాఖనుంచి ఫలితం రావడానికి పది రోజులు పడుతుంది. మనువుకి తొమ్మిదే ఉన్నాయి. ఉత్త పరీక్షకోసం ఎవరూ మనువు ఆపుకోరు. ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే తన పేరు రావాలి. ఆ రాత్రి ఆమె ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిలోంచి తొమ్మిది పోగా ఒకరోజు మిగులుతూనే ఉంది.

తెల్లవారాక ఆఫీసు పెద్ద బిందుమాధవిగారికి ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఆవిడ చదివి కళ్లజోడు తీసేసింది. "ఆ జవాబు మీరే రాశారా, పొరపాటున నొక్కుకుపోయిందా?"

"నేనే రాశానండి."

"పద్నాలుగు చోట్లా?"

"పద్నాలుగు చోట్లా."

ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టింది. చివరికి, "ముందు ఆ పిల్ల సంగతి చూడండి. మీ సంగతి తర్వాత చూద్దాం" అంది.

జాకరపుట్టుకి జీపులో గంటన్నర, దిగాక గంట నడక. నిర్మల సంచీ మోసుకుని వెనకాల వస్తుంటే స్వర్ణ ముందు నడిచింది. కనక ఇంటిముందు కాఫీ పళ్లు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కనక వాటిని పలుగొయ్యతో తిరగేస్తోంది. కనక మొగుడిదీ పాంగి వంశమే గనక స్వర్ణ ఆమెకి ఆడపడుచు వరస.

"ఓలమ్మ, ఆడపడుసు వొచ్చీసినాదే! మనువుకింకా ఎనిమిది రోజులుంది గదే, అప్పుడే తిండికొచ్చీసినావేటి?" అని కనక నవ్వుతూ ఎదురొచ్చింది. చెంబుతో నీళ్లిచ్చింది.

స్వర్ణ ఆ నీళ్లు తాగలేదు. చెంబు రెండు చేతులా పట్టుకుని, ఎక్కడా ఆపకుండా చెప్పేసింది. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

కనకకి మొదట అర్థం కాలేదు. "అంటే ఈ తెల్ల కార్డు మా గుంటది కాదా?"

"కావొచ్చు, కాకపోవొచ్చు వదినా. ముగ్గురిదీ ఒకటే సేసీసినాను. ఎవరిదేదో ఇప్పుడు తెల్దు."

"తెల్దేటి? ఈ వూళ్లో కుక్కనడిగినా సెప్తాది. గెడ్డ కాడుండేది ఒక సుక్రి. బుద్రు సెల్లెలు ఒక సుక్రి, దానికి సీలేరు కాడ మనువైపోయినాది. నా కూతురు ఒక సుక్రి. ముగ్గురు మనుసులే! ముగ్గుర్ని నూరేసి పచ్చడి సేసీసినావా?"

"నాను అడగాల్సింది వదినా. అడగలేదు."

"ఎందుకడగలేదు? ఆ కిందోలు అడగలేదంటే ఆలకి తెల్దు. నీకేటొచ్చింది? నువ్వూ సుక్రివే గదే!"

పలుగొయ్య కిందపడింది. చుట్టుపక్కల ఇళ్లలోంచి నలుగురు వచ్చి నిలబడ్డారు. స్వర్ణ చెంబులో నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఈ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర ఉంది. గోడ మీద పేర్లు, నవ్వు, తన నవ్వు. కాని ఆ జవాబు ఈ వాకిట్లో చెబితే ఎంత చిన్నదిగా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

నంబరు చీటీ గురించి నిర్మల అడిగింది. "సీటీయా? పొయ్యి రాజెయ్యడానికి అక్కరకొచ్చినాది," అంది కనక, ఎటో చూస్తూ.

అప్పుడు గుమ్మంలోంచి ఆ పిల్ల సుక్రి వచ్చింది. ఇరవయ్యేళ్లుంటాయి. మోచేతిదాకా ఉన్న గాజులు పైకి తోసుకుని, పీట మీద కూర్చుని నిర్మల ముందు చెయ్యి చాపింది. "తియ్యి నర్సమ్మా, బేగి. మా అమ్మ అరుపులకి రగతం గడ్డకట్టీలోపల," అంది. ఎవరూ నవ్వలేదు. సూది గుచ్చుతున్నంతసేపూ ఆ పిల్ల స్వర్ణ ముఖంలోకే చూసింది. ఆ చూపులో కోపం లేదు. దానికన్నా భరించలేనిదేదో ఉంది.

కబురు విన్న కామేష్ తల్లి మనువు ఆపేసింది. ఆ పది రోజులూ స్వర్ణ ఆఫీసులో నిర్మలని పక్కన కూర్చోబెట్టుకుని, పద్నాలుగు చోట్లా కలిసిపోయిన మనుషుల్ని ఒక్కొక్కరినే విడదీసింది. సహాయకుడు ఒక్కొక్క వరసే చూపించి, "ఈమె ఎవరు?" అని అడిగేవాడు. స్వర్ణ నిర్మలని అడిగేది. నిర్మలకి తెలియకపోతే ఆ ఊరికి మనిషిని పంపేది. తేలకపోతే, "తెలియదు, మళ్లీ పరీక్ష చేయాలి" అని రాసేది. తెలియదు అని రాయడం ఇంత తేలికైన పని అని ఆమెకి ముందే తెలిసుంటే ఎంత బాగుండేది! సంతలో ఎదురైన పాంగి వంశంవాళ్లు మాత్రం ఆమెని చూసి దారి మారిపోయారు. ఒక ముసలామె ఆగి మరీ అంది, "మా పేర్లు మోటుగున్నాయని తుడిసీసినావటగా?"

పదో రోజు ఫలితం వచ్చింది. స్వర్ణ దాన్ని ఎవరిచేతా పంపలేదు. తనే పట్టుకెళ్లింది.

కనక వాకిట్లో అప్పటికే కామేష్, అతని తల్లి, పక్కన దుప్పటి కప్పుకుని చిట్టి కూర్చుని ఉన్నారు. రెండో కుండ తెచ్చారు. తెల్లకార్డే అయితే ఇవాళే ముగించేద్దామని తెచ్చారు. కుండ మూతికి విస్తరాకు కట్టి ఉంది.

స్వర్ణ నిలబడే చెప్పింది. "పసుపు."

కామేష్ తల్లి ముందు లేవలేదు. చిట్టి మోకాళ్లు నిమురుతూ, నేలని చూస్తూ అంది. "పిల్ల మంచిది వదినా. వంక పెట్టడానికేటీ లేదు. కానీ రేత్రంతా ఈ గుంట ఏడుపు ఇన్న సెవులివి. ఇంకో బిడ్డ ఏడుపు ఇనలేను. నన్ను తిట్టుకోకు."

"అమ్మా, నలుగురిలో ఒకరికంట. మిగతా ముగ్గురి మాటేటి?" అన్నాడు కామేష్.

"ఆ ఒకర్తె ఇదిగో, నీ పక్కనుంది. దానిమొకం సూసి అడుగు."

కామేష్ చెల్లెలి ముఖం చూశాడు. ఇంకేమీ అడగలేదు. లేచి కుండ భుజానికెత్తుకున్నాడు. వాకిలి దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగాడు. సుక్రి అటు చూడలేదు, గాజులు కిందికి లాక్కుంటూ ఉంది. ముగ్గురూ కాలిబాట దిగి, పొదల వెనక కనపడకుండా పోయారు.

కనక ఏడవలేదు. లేచి పలుగొయ్య తీసుకుని పళ్లు తిరగెయ్యడం మొదలెట్టింది. అప్పుడే తిరగేసిన పళ్లనే మళ్లీ మళ్లీ తిరగేసింది. స్వర్ణ దగ్గరికి వెళ్లి, "వదినా" అంది. కనక వెళ్లు అనలేదు, కూర్చో అని కూడా అనలేదు.

స్వర్ణ సంచీ తీసుకుని బాట పట్టింది. పది అడుగులు వెయ్యకముందే వెనకనుంచి సుక్రి పిలిచింది.

"అత్తా! పాత కాయితంలో పసుపు ఒకటే ఉందన్నావు గదా?"

"ఒకటే."

"ఇంకో రెండూ తెలుపేనా?"

"తెలుపే."

సుక్రి వేళ్ల మీద లెక్క పెట్టుకున్నట్టు కాసేపు ఆగింది. "అయితే సీలేరెల్లిన సుక్రికి ఏటీ లేదన్నమాట. దానికిప్పుడు ఐదో నెల. ఈ గోలంతా ఇని, ఆ పసుపు నాదేనేటో అని మూడు రోజులై ముద్ద ముట్టడం లేదంట."

ఫలితం పట్టుకుని ఈ వాకిట్లోకి వచ్చేదాకా స్వర్ణ ఈ పిల్ల సంగతే ఆలోచించింది గాని, ఇక్కడ పసుపైతే అక్కడ తెలుపని ఆమెకి తట్టనే లేదు. తట్టాల్సినవాళ్లకి తట్టలేదు. మనువు పోయిన పిల్లకి తట్టింది.

"కాయితాన్ని నమ్మి నానింక ఎవరికీ ఏటీ సెప్పను," అంది స్వర్ణ. "దానికీ రగతం తీసి సూడాల. తీసాకే సెప్తాను."

"తియ్యి. అందాకా ముద్ద తినమని నాను సెప్తాను. నీ మాట ఇప్పుడు అదేటి ఇంటాది?" సుక్రి పమిట బిగించి నడుముకి చుట్టుకుంది. "రేపు పొద్దున జీపుకి వొత్తాను. ఆలిల్లు నీకు తెల్దు."

వాకిట్లో పలుగొయ్య చప్పుడు ఆగింది. కనక తలెత్తి ఇద్దర్నీ చూసింది. కూతుర్ని వద్దనబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ పళ్లమీదికి వంగింది.